జపనీస్‌లో ‘నేర్పు’ మాటలు: జ్యోౙు, తొకుఇ, ఉమై, ఉదె, గినో – ఏది ఎక్కడ, ఎలా పలకాలి?

వేపచెట్టు (#1)
అందరికీ నమస్తే. నిఘంటువు తీస్తే గిజుత్సు, గినో, వజా, ఉదే, నోరియోకు అన్నిటికీ ‘నైపుణ్యం’ అనే ఉంది. జోజు, ఉమాయి, తోకుయి మూడింటికీ ‘బాగా చేయగల’ అని ఉంది. ఇలా అయితే ఏది ఎక్కడ వాడాలో తేలదు. కింది ఐదు వాక్యాల్లో ఏవి తప్పు, ఎందుకు తప్పు చెప్పగలరా?

1. వతశి వ నిహొంగొ ఒ జోజు దెస్. (నాకు జపనీస్ బాగా వచ్చు)
2. సెన్సే వ ఒశిఎకత గ జోజు దెస్ నె. (సార్, మీరు బాగా చెప్తారు)
3. వతశి వ జావా గ జోజు దెస్. (ఇంటర్వ్యూలో: నాకు జావా బాగా వచ్చు)
4. నత్తో వ హెత దెస్. (నత్తో, అంటే పులియబెట్టిన సోయా గింజలు, నాకు పడదు)
5. కరె వ కుచిహెత దెస్. (అతనికి మాట్లాడటం చేతకాదు)

ఇంకోటి. జపాన్‌లో పనికి వెళ్లేవాళ్ల ‘తోకుతే గినో’ వీసాలో గినో అన్నారు, గిజుత్సు ఎందుకు అనలేదు?

శ్రుతిపేటిక (#2)
ఐదూ తప్పే, కానీ ఐదూ వేర్వేరు రకాల తప్పులు, కాబట్టి మంచి ప్రశ్న. అర్థాల సంగతి మిగతావాళ్లు చెప్తారు. ముందు రాత సరిచేసుకుందాం. మాటను ఇంగ్లిష్ అక్షరాల మీదుగా తెలుగులోకి తెస్తే పలుకు అక్కడే చెడుతుంది. తెలుగు దగ్గర ఇంగ్లిష్‌కి లేని సామగ్రి ఉంది.

ఒకటి, మనకు ఎ/ఏ, ఒ/ఓ వేరువేరు. జపనీస్‌కి కావలసింది సరిగ్గా ఇదే. ‘హెత’ (చేతకాని)లో రెండూ హ్రస్వాలు, హేటా కాదు. త మన ‘తల’లో త. ఇంగ్లిష్ మాటలకు అలవాటైన ట పెడితే జపనీయుల చెవికి గట్టిగా, పరాయిగా తగులుతుంది.

రెండు, ౘ, ౙ. పాత పుస్తకాల్లో చ, జ మీద రెండంకె వేసి ముద్రించిన అక్షరాలు ఇవే. ‘చుక్క’ అనేటప్పుడు నాలుక పళ్ల దగ్గరకు పోతుంది చూడండి, అది ౘు. జపనీస్ ‘త్సు’ అని రాసేది అచ్చంగా అదే. తౘుజిన్ (ఆరితేరినవాడు), కొౘు (ఒడుపు). ‘జుట్టు’లో ఉన్నది ౙు.

ఇక్కడే అసలు చిక్కు. తెలుగులో దేశి మాటల్లో జ తర్వాత అ, ఉ, ఒ వస్తే నోరు దానంతట అదే ౙ వైపు పోతుంది: జోల, జోడు, జుట్టు. అందుకే ‘జోజు’ అని రాసుకుంటే మనం రెండూ ౙ గానే పలుకుతాం. జపనీస్‌లో మొదటిది తాలవ్యం, రెండోది దంత్యం. ఒకే మాటలో రెండూ ఉన్నాయి. కాబట్టి జ్యోౙు అని రాసుకోండి. మొదటి జ దగ్గర నాలుక మధ్యభాగం అంగిటికి ఆనాలి (‘జీతం’లో జ), రెండోదానికి నాలుక కొన పళ్ల వెనక్కి రావాలి. ‘జీ… ౙు… జీ… ౙు’ అని నాలుగైదు సార్లు అని ఆ తర్వాత జ్యో…ౙు అనండి, కుదురుతుంది. అచ్చుల మధ్య వాళ్ల ౙ ఇంకాస్త మెత్తగా, గాలి తగిలినట్టు ఉంటుంది. మన ౙ తో పలికినా అర్థం చెడదు.

అదే లెక్కన గిజ్యుౘు, వౙ. నోరియోకు కాదు, నోర్యొకు: ‘ర్యొ’ ఒక్కటే దెబ్బ, హ్రస్వం. ఉదె, నిగతె (సరిపడని) చివర దీర్ఘం తీయకండి.

ఈ చర్చలో అందరం ఈ రాతే వాడదాం. ఓ, ఏ, ఊ కనిపిస్తే రెండు మాత్రలు. ‘ఐ’ కూడా రెండే: సైనో అంటే స-ఇ-నొ-ఒ, నాలుగు మాత్రలు. ఛందస్సులో గురువు, లఘువు లెక్కపెట్టిన చెవికి ఇది కొత్త కాదు.

గోదారిగట్టు (#3)
అర్థం దగ్గరకొస్తే, కంజి (జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు) చూస్తే సగం ముడి విడిపోతుంది. జ్యోౙుకి రాసేది ‘పైన’ + ‘చేయి’. హెతకి ‘కింద’ + ‘చేయి’. నిగతెకి ‘చేదు’ + ‘చేయి’. మూడింట్లోనూ చేయే.

‘పై + చేయి’ అనే అదే జంటను ‘ఉవతె’ అని కూడా చదువుతారు. అప్పుడు అర్థం నేరుగా మన ‘పైచేయి’. ‘ఇచిమై ఉవతె’ అంటే ఎదుటివాడి కంటే ఒక మెట్టు పైన. సుమోలో ఎదుటివాడి చేతి మీదుగా పట్టు పడితే ఉవతె, చేతి కిందుగా పడితే శితతె. నాటకరంగంలో అదే జంట ‘కమితె’: ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే వేదిక కుడి భాగం. ఎడమ భాగం ‘శిమొతె’. కబుకి (సంప్రదాయ నాటకం)లో ప్రేక్షకుల మధ్య నుంచి వచ్చే హనమిచి దారి ఈ శిమొతె వైపే కలుస్తుంది. చదివేటప్పుడు పక్కన కుస్తీ ఉందా, వేదిక ఉందా, మనిషి నేర్పు ఉందా చూసి చదువు ఎంచుకోవాలి. నేర్పు అర్థంలో మాత్రం ఎప్పుడూ జ్యోౙు, హెత.

మెట్‌పల్లి_మిదొరి (#4)
1వ వాక్యంలో తప్పు ‘ఒ’ (మన ‘ను’ లాంటి కర్మ ప్రత్యయం). కర్తకు పెట్టే ‘గ’ పెట్టాలె.

దీనికి తెలుగు వాక్యమే దారి చూపిస్తది. ‘నాకు ఈత వచ్చు’ అంటం, ‘నాకు ఈతను వచ్చు’ అనం కదా. వచ్చేది ఈత, అదే కర్త. జపనీస్‌ల కూడా అంతే: సుఇఏ గ దెకిరు (ఈత వచ్చు), నిహొంగొ గ దెకిరు (జపనీస్ వచ్చు). జ్యోౙు, హెత, తొకుఇ, నిగతె, దెకిరు అన్నిటికీ ముందు గ. ఇంగ్లిష్ వాక్యం మనసుల పెట్టుకుని కడితేనే ‘ఒ’ వస్తది.

ఒక్క మినహాయింపు. వాక్యంల చేసే పని వేరే క్రియ అయితే ‘ఒ’ ఉంటది, జ్యోౙు క్రియావిశేషణం అయితది: నిహొంగొ ఒ జ్యోౙు ని హనశిమస్. ఈ రెండు కట్టుబాట్లు కలిసిపోయి 1వ వాక్యం లాంటి తప్పు పుడ్తది.

జ్యోౙు, హెత, తొకుఇ, నిగతె నాలుగూ ‘న’ విశేషణాలు, నామవాచకం ముందు ‘న’ చేరుతది (జ్యోౙు న హితొ, నేర్పున్న మనిషి). ఉమై ‘ఇ’ విశేషణం, కాబట్టి ఉమకు, ఉమకత్త, ఉమకునై అని మారుతది. ‘ఉమై న హితొ’ తప్పు.

కంజిగీత (#5)
ఇప్పుడు 3, 4. ఇవి వ్యాకరణం తప్పులు కావు, కొలిచేది ఎవరనే దగ్గర తప్పులు.

జ్యోౙు బయటినుంచి ఇచ్చే మెచ్చుకోలు. ఎదుటివాళ్లు చేసింది చూసి మనం అనే మాట. తనను తాను జ్యోౙు అనుకుంటే ‘నేను గొప్పగా చేస్తాను’ అన్నంత బడాయిగా వినిపిస్తుంది. తొకుఇ లోపలినుంచి వచ్చే మాట: ఇది నాకు పట్టుబడిన విషయం, ఇందులో నాకు ధీమా ఉంది అని. అందుకే ఇంటర్వ్యూలో ‘తొకుఇ న గెంగొ వ జావా దెస్’ (నాకు పట్టున్న భాష జావా) అనాలి. రిరెకిశొ (బయోడేటా) ఫారాల్లో ‘తొకుగి’ (ప్రత్యేక నేర్పు) అనే గడి కనిపిస్తుంది, కానీ అందులోని ‘తొకు’ వేరే కంజి. ఉద్యోగానికి పనికొచ్చే బలం చెప్పాలంటే ‘ౘుయొమి’ ఇంకా సూటిగా ఉంటుంది. దాని వెనకే ఏళ్ల సంఖ్య చెప్పండి: ‘జావా నొ జిౘుము కేకెన్ గ గొనెన్ అరిమస్’ (5 ఏళ్ల పని అనుభవం ఉంది). జపాన్ ఇంటర్వ్యూలో విశేషణాల కంటే ఏళ్లు, చేసిన ప్రాజెక్టులే నమ్మకం ఇస్తాయి.

ఇక హెత, నిగతె. హెత అంటే చేత కాకపోవడం, అంతే. నిగతెలో చేత కాకపోవడంతో పాటు మనసు ఒప్పకపోవడం కూడా ఉంది. ఆటలో హెత అయినవాడికి ఆ ఆటంటే ప్రాణం కావచ్చు. దానికి సామెతే ఉంది: ‘హెత నొ యొకొౙుకి’, చేతకానివాడికే ఇష్టం ఎక్కువ అని. నిగతె అయినదాని జోలికి పోబుద్ధి కాదు. అందుకే తిండికి, మనుషులకు, లిఫ్టులకు, ఎత్తులకు నిగతె వస్తుంది, హెత రాదు. నత్తో తినడంలో నేర్పు ఏముంది? ‘నత్తో వ నిగతె దెస్’ అనండి. ‘కిరై దెస్’ (అసహ్యం) కంటే మర్యాదగా కూడా ఉంటుంది. ఆసుపత్రిలో, హాస్టల్లో, ఇంటికి పిలిచినచోట ఇదే వాడండి.

ఉమై స్నేహితుల మధ్య మాట. నేర్పుకీ రుచికీ రెండిటికీ వస్తుంది. ‘ఉత గ ఉమై’ అంటే పాట బాగా పాడతాడు, ‘రామెన్ గ ఉమై’ అంటే రుచిగా ఉంది. రుచి అర్థంలో కాస్త మొరటు, బయటివాళ్ల ముందు ఒయిశీ అనడమే మేలు.

మెట్‌పల్లి_మిదొరి (#6)
> తనను తాను జ్యోౙు అనుకుంటే బడాయి

గీత గారూ, ఇది ఒక్క వాక్య రూపానికే వర్తిస్తది. ‘మొత్తొ జ్యోౙు ని నరితై దెస్’ (ఇంకా బాగా నేర్చుకోవాలని ఉంది) తన గురించే, పూర్తిగా మర్యాదే. ‘ఉమకు దెకిమశిత’ (బాగా కుదిరింది) కూడా తన పని గురించే అనొచ్చు. మనిషిని కాకుండా మార్పునో, ఒక్కసారి వచ్చిన ఫలితాన్నో కొలిస్తే తప్పు లేదు.

కంజిగీత (#7)
అవును మిదొరి గారూ, అది చేర్చాల్సిందే. ‘దెస్’తో ముగించి తనకు తగిలించుకుంటేనే ఇబ్బంది. హెత మాత్రం తనకు హాయిగా తగిలించుకోవచ్చు.

2వ వాక్యం సంగతి. మాస్టారితో ‘మీరు బోధనలో జ్యోౙు’ అంటే మెచ్చుకున్నట్టు కాదు, మార్కులు వేసినట్టు. కొలిచేవాడు కొలవబడేవాడి కంటే పైన ఉంటాడనే లెక్క ఆ మాటలోనే ఉంది. పై అధికారికీ, గురువుకీ వాళ్ల వృత్తి విషయంలో జ్యోౙు వాడకూడదు. ముందు ‘ఒ’ చేర్చి ఒజ్యోౙు అన్నా ఈ దోషం పోదు. బదులుగా మనకు కలిగిన మేలు చెప్పాలి: ‘తోతెమొ వకరియసుకత్త దెస్’ (చాలా బాగా అర్థమైంది), ‘తైహెన్ బెంక్యో ని నరిమశిత’ (చాలా నేర్చుకున్నాను). అదే అధికారి సరదాకి పాట పాడితే ‘ఒజ్యోౙు దెస్ నె’ అనొచ్చు, అది ఆయన వృత్తి కాదు కనుక.

మనతో ఎవరైనా ‘నిహొంగొ జ్యోౙు దెస్ నె’ అంటే రెండు మాటల జవాబు చాలు: ‘అరిగతో గొౙైమస్. మద బెంక్యోచూ దెస్’ (ఇంకా నేర్చుకుంటున్నాను). ‘ఇఇఎ, మదమద దెస్’ కూడా సరే. రెండు ముక్కలు మాట్లాడిన విదేశీయుడికీ అలవాటుగా ఈ మాట అంటారు కాబట్టి దాన్ని స్థాయికి కొలమానంగా తీసుకోవద్దు.

శ్రుతిపేటిక (#8)
#7లో చిన్న సవరణ: తోతెమొ కాదు, తొతెమొ. మొదటిది హ్రస్వం.

నిగమశర్మ_ఒసాకా (#9)
వీసా ప్రశ్నకు. ఇక్కడ మూడు పేర్లున్నాయి, తెలుగువాళ్లు మూడింటి కిందా వెళ్తున్నారు. పేరు తెలిస్తే మాట అర్థమూ తెలుస్తుంది.

గిజ్యుౘు అంటే పద్ధతిగా నేర్పగలిగేది, కాగితం మీద పెట్టి ఇంకొకరికి అందించగలిగేది. ‘సాంకేతికత’ కూడా అదే మాట. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు సాధారణంగా వెళ్లే నివాస హోదా (వీసా రకం) పేరు ‘గిజ్యుౘు, జింబున్ చిశికి, కొకుసై గ్యోము’. అంత పొడుగు పేరును అందరూ ‘గిజింకొకు’ అంటారు.

గినో అంటే పని చేసీ చేసీ ఒంటికి పట్టిన నేర్పు. మనిషిని వదిలి ఉండదు. ‘గినో’ అనే పేరుతోనే విడిగా ఒక హోదా ఉంది. విదేశీ వంటకాల వంటవాళ్లు దాని కిందే వస్తారు. భారతీయ వంటకైతే 10 ఏళ్ల అనుభవం రుజువు చేయాలి, సంబంధిత కోర్సు చదివిన కాలమూ అందులో కలుస్తుంది.

తొకుతే గినో 2019 ఏప్రిల్‌లో మొదలైంది. తొకుతే అంటే ‘నిర్దిష్ట’, అంటే ఎంపిక చేసిన రంగాలకే. భారత్, జపాన్ దీని మీద 2021 జనవరిలో ఒప్పందం చేసుకున్నాయి. మొదటి రకంలో సాధారణంగా మొత్తం 5 ఏళ్లు, కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేదు. చాలా రంగాలకు నిహొంగొ నోర్యొకు శికెన్ (జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష, జేఎల్‌పీటీ)లో ఎన్-4 గానీ, జేఎఫ్‌టీ-బేసిక్ (జపాన్ ఫౌండేషన్ భాషా పరీక్ష) గానీ ఉండాలి, దానితోపాటు ఆ రంగపు గినో పరీక్ష. కైగొ (వృద్ధుల సంరక్షణ)కి అదనంగా కైగొ జపనీస్ పరీక్ష ఉంది. కైగొకి రెండో రకం లేదు. కైగొ ఫుకుశిశి అనే జాతీయ అర్హత సంపాదించి ‘కైగొ’ హోదాకి మారాలి. ఏజెంటు ఎవరైనా ‘కైగొ రెండో రకం ఇప్పిస్తాం’ అంటే డబ్బు కట్టే ముందు ఆగి అడగండి.

గినో అర్థం ఇంకా స్పష్టంగా కనిపించేది గినో కెంతే దగ్గర. వడ్రంగం, ప్లంబింగ్, లేత్ పని లాంటి వాటికి ప్రభుత్వం 1959 నుంచి పెడుతున్న పరీక్ష ఇది. చాలా పనులకు 1, 2, 3 తరగతులు (ఇక్క్యూ, నిక్యూ, సంక్యూ). పాసైతే గినోశి. చేత్తో పని చేసి చూపించాలి, అందుకే అది గినో.

నోర్యొకు వేరు. అది కొలవగల సామర్థ్యం, పరీక్ష పేరులో అందుకే ఉంది. సైనో పుట్టుకతో వచ్చే ప్రతిభ. ‘సైనో గ అరు’ అంటే కష్టపడ్డవాడు ఒక్కోసారి నొచ్చుకుంటాడు, తన సాధన లెక్కలోకి రాలేదని. వాళ్లకి ‘ఉదె గ ఈ’ అనడం మేలు.

గోదారిగట్టు (#10)
ఉదె అంటే చేయి. మన ‘చేయి తిరిగిన’కి ఇంత దగ్గరి మాట ఇంకో భాషలో వెతుక్కోవాల్సిందే. ‘ఉదె గ ఈ దైకు’ = చేయి తిరిగిన వడ్రంగి. ఉదె ఒ మిగకు (చేతికి మెరుగు పెట్టుకోవడం, అంటే సాధన), ఉదె ఒ అగెరు (మెరుగుపడటం), ఉదె గ నిబురు (అలవాటు తప్పి మొద్దుబారడం). కత్తిలా చేతికీ మెరుగు ఉంటుంది, తుప్పూ పడుతుంది అన్న భావన. చేతి పనికే కాదు, వైద్యుడికీ వంటవాడికీ వాడతారు. లెక్కల జ్ఞాపకశక్తికి, భాషకి నప్పదు.

కొౘు = ఒడుపు. ‘కొౘు ఒ ౘుకము’ అంటే ఒడుపు పట్టుకోవడం. కిటుకు అన్నా సరిపోతుంది గానీ ఒడుపే దగ్గర, ఎందుకంటే ఇది చెప్తే వచ్చేది కాదు, చేస్తుంటే దొరికేది.

వౙ ఒక్కో విద్యలో ఒక్కో పట్టు, ఒక్కో ఎత్తు. జూడోలో విసురు ఒక వౙ, కుండ అంచు తీయడం ఒక వౙ. ఎవరికైనా బాగా పట్టుబడ్డది తొకుఇవౙ.

పని నేర్చేవాడి మెట్లు కూడా తెలుసుకోండి: మినరై (పని నేర్చుకునే కుర్రాడు), హన్నిమ్మఎ (సగం మనిషి), ఇచినిమ్మఎ (పూర్తి మనిషి, ఒంటరిగా పని అప్పగించదగ్గవాడు). ఇచినిమ్మఎకి అసలు అర్థం ‘ఒక మనిషికి సరిపడా’. హోటల్లో ఒక ప్లేటు తిండికీ ఇదే మాట. ఈల్ చేప వంటలో వాళ్లు చెప్పే లెక్క ‘కుశి ఉచి 3 ఏళ్లు, చీల్చడం 8 ఏళ్లు, కాల్చడం జీవితాంతం’. పుల్ల గుచ్చడం నేర్వడానికే మూడేళ్లు! కాల్చడం ఎప్పటికీ పూర్తిగా రాదని వాళ్ల నమ్మకం.

ఆ పైన తౘుజిన్ (ఆరితేరినవాడు), మేజిన్ (మహానిపుణుడు). మేజిన్ శొగి (జపాన్ చదరంగం)లో బిరుదు కూడా. మొదట్లో వంశాల చేతుల్లో ఉండేది, 1935 నుంచి పోటీలో గెలిచినవారికి ఇస్తున్నారు. ఫుజీ సోత 2023లో 20 ఏళ్లకే అది గెలిచారు. బెతెరన్ అని వింటే మాజీ సైనికుడు అనుకోవద్దు, పనిలో తలపండినవాడు అంతే.

శ్రుతిపేటిక (#11)
ఇప్పుడు చెవికి సంబంధించినవి, తప్పు జరిగితే మాటే మారిపోయేవి.

కియో / క్యో. కియో (చేతివాటం ఉన్న) మూడు మాత్రలు: కి-యొ-ఒ. త్వరగా అనేస్తే క్యో అవుతుంది, అంటే ‘ఈరోజు’. ‘కియో దెస్ నె’ (భలే నేర్పుగా చేస్తారే) అనబోయి ‘ఈరోజే కదా’ అన్నట్టవుతుంది. కి దగ్గర పూర్తి మాత్ర ఇచ్చి ఆ తర్వాతే యో అనండి. బుకియో (చేతివాటం లేని)లోనూ అంతే.

కొౘు / కోౘూ. మొదటిది ఒడుపు, రెండోది రవాణా, ట్రాఫిక్. ఇక్కడ రెండు అచ్చులూ సాగాయి. తెలుగువాళ్లు ఇంగ్లిష్ రాత చూసి మొదటిదాన్ని సాగదీస్తారు.

చివరి ‘న్’. తౘుజిన్, శొకునిన్ (చేతిపనివాడు) మాటల్లో చివర ఉన్నది మన సున్న లాంటిదే. తర్వాత వచ్చే హల్లుని బట్టి మారుతుంది: ఇచినిమ్మఎలో మ్ అయింది చూడండి, ‘పంపు’లో సున్నలాగా. కానీ మాట చివర ఆగినప్పుడు మన సున్న పెదవులు మూస్తుంది (‘పుస్తకం’). వాళ్లది మూయదు. పెదవులు తెరిచే ఉంచి గొంతు వెనక ముక్కుతో ఆపాలి.

మాయమయ్యే అచ్చులు. క, త, స, శ లాంటి శ్వాస హల్లుల మధ్య చిక్కిన ఇ, ఉ గుసగుస అయిపోతాయి. శికకు (అర్హత) ‘శ్‌కకు’లా, సుకిరు (స్కిల్) ‘స్‌కిరు’లా, తొకుతే ‘తొక్‌తే’లా వినిపిస్తాయి. అచ్చు పోయినా దాని మాత్ర ఉండాలి. ‘స్కిరు’ అని సంయుక్తాక్షరంగా కుదించకండి.

ఇక స్వరం. తెలుగులో స్వరం హెచ్చితే ప్రశ్నో ఆశ్చర్యమో అవుతుంది గానీ మాట అర్థం మారదు. జపనీస్‌లో ఎక్కడ దిగుతుందో మాటకే కట్టుబడి ఉంటుంది. టోక్యో పలుకులో ఇలా (↑ ఎక్కడం, ↓ దిగడం):

హె↑త↓న
జ్యొ↑ఒౙు↓న
ఉ↑దె↓గ, వ↑ౙ↓గ
ఉ↑మ↓ఇ
గి↓జ్యుౘుగ, గి↓నొఒగ, నొ↓ఒర్యొకుగ
స↑ఇనొఒగ (దిగదు)

హెత, జ్యోౙు, ఉదె, వౙలకు దిగుడు మాట లోపల లేదు, తర్వాత వచ్చే న, గ, దెస్ మీద ఉంది. అందుకే మాటను ఒంటరిగా వల్లె వేస్తే ఎప్పటికీ పట్టుబడదు. ఎప్పుడూ ‘హెత న’, ‘ఉదె గ’ అని జంటగా నేర్చుకోండి. జ్యోౙులో మొదటిది దీర్ఘం కాబట్టి ఎక్కుడు పెద్దగా తెలియదు, మొదటినుంచే ఎత్తులో ఉన్నట్టు ఉంటుంది. మనం చేసే పొరపాటు ‘జ్యో’ మీద ఒత్తి వెంటనే దించేయడం.

సాధన ఇలా చేయండి. టోక్యో విశ్వవిద్యాలయం వారి ఓజాడ్ (జపనీస్ స్వరం చూపే ఆన్‌లైన్ నిఘంటువు)లో ‘సుజుకి-కున్’ అనే పనిముట్టు ఉంది. వాక్యం అతికిస్తే స్వరం గీత గీసి చూపిస్తుంది, వినిపిస్తుంది. ముందు మాత్రలు బల్ల మీద తట్టండి: జ్యోౙు 3, నోర్యొకు 4, శిరోతొ (అనుభవం లేనివాడు) 4. తర్వాత మాటలు లేకుండా ‘మ్ మ్ మ్’ అని స్వరం మాత్రమే అనుకరించండి. మూడోసారి మాటలతో అని ఫోన్‌లో రికార్డు చేసి పక్కపక్కన వినండి. మధ్య మెట్టు వదిలేస్తే ఒత్తు తప్పుతున్నది ఎక్కడో తెలియదు.

కంజిగీత (#12)
మిగిలింది 5. ‘కుచిహెత’ కాదు, కుచిబెత. సమాసంలో రెండో మాట మొదటి హల్లు మెత్తబడుతుంది. దీని పేరు రెందకు. మన కూర + కాయ = కూరగాయ, తల్లి + తండ్రి = తల్లిదండ్రులు గుర్తుందిగా, గసడదవాదేశం. క→గ, త→ద ఇద్దరికీ ఒకటే. తేడా హ దగ్గర: వాళ్ల హ, బ అవుతుంది. హనశిబెత కూడా అంతే. అన్నిచోట్లా జరగదు. నిగతెలో ‘తె’ మారలేదు చూడండి. జ్యోౙు ముందే మెత్తన కాబట్టి కికిజ్యోౙు (చక్కగా వినేవాడు), ర్యోరిజ్యోౙు (వంటలో దిట్ట) యథాతథం.

వేపచెట్టు (#13)
అందరికీ ధన్యవాదాలు. తిరగరాశాను, ఇంకోసారి చూడండి.

1. వతశి వ నిహొంగొ గ సుకొశి దెకిమస్.
2. సెన్సే, తైహెన్ బెంక్యో ని నరిమశిత.
3. తొకుఇ న గెంగొ వ జావా దెస్. జిౘుము కేకెన్ వ సన్నెన్ దెస్.
4. నత్తో వ చొత్తొ నిగతె దెస్.
5. కరె వ కుచిబెత దెస్ గ, ఉదె వ ఈ దెస్.

మెట్‌పల్లి_మిదొరి (#14)
ఐదూ సరిగ్గున్నయి. 5లో గ, వ పెట్టిన తీరు బాగుంది: ‘నోరు లేదు గానీ చేయి మంచిది’ అని పోలిక వస్తది, అందుకే రెండోచోట ‘ఉదె గ’ బదులు ‘ఉదె వ’ కుదిరింది. చదివేటప్పుడు ‘ఉ↑దె↓వ’ అని దించుడు మర్చిపోకు తమ్మీ.